పొయ్యికి ఎడమవైపు

ముప్పై ఏళ్లు కారవాన్ల ఫ్యాక్టరీలో
కిటికీ అంచులకు రబ్బరు కుక్కిన చేతులు నావి.
బయట పైపుతో నీళ్లు కొడుతుంటే
లోపల కూర్చుని టార్చిలైటు వేసి వెతికేదాన్ని.
ఒక్క చుక్క కనబడితే బండి గేటు దాటేది కాదు.

కాబట్టి నాకు చెప్పకండి
నీరు లోపలికి ఎలా వస్తుందో.

హల్ ఊళ్లో, హంబర్ గాలి ఈడ్చికొట్టే పదకొండో అంతస్తు.
వంటింటి మూల, పొయ్యికి ఎడమవైపు,
మొదట టీ కప్పు అడుగంత మరక.
క్రిస్మస్ నాటికి పళ్లెమంత.
మరుసటేడు దానికి నల్లటి నూగు మొలిచింది,
గోడకాగితం నానిన రొట్టెలా చేతికొచ్చింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
అడిగాను. పదిహేడు సార్లు.
ప్రతిసారీ ఒక నంబరిచ్చారు,
వరసలో ఉండమని ఒకే పియానో వినిపించారు.
గోడ గురించి గోడకే చెప్పుకున్నట్టుంది.
వాళ్లు నిమ్మకు నీరెత్తినట్టున్నారు,
ఎత్తిన నీరంతా నా ఇంట్లోకే దిగుతోంది.

చివరికో కుర్రాడొచ్చాడు, మెడలో కార్డు.
గోడ ముట్టుకోలేదు.
"ఇది మీ జీవనశైలి, మిసెస్ పాష్‌బీ."
బట్టలు లోపల ఆరేస్తున్నానట,
మూత పెట్టకుండా ఉడికిస్తున్నానట,
కిటికీ మూసుకుని ఊపిరి తీస్తున్నానట.
డెబ్బై ఒక్క ఏళ్ల అలవాటు నాయనా,
మానడం కష్టం.
ఆ సాయంత్రమే ఫోనుకో సందేశం:
మీ మరమ్మతు పూర్తయింది. ఎన్ని నక్షత్రాలిస్తారు?

ఒక రాత్రి కింది అంతస్తు షిలాన్ తలుపు బాదింది.
చంకలో రేబిన్, దగ్గి దగ్గి సోలిపోయి.
అంబులెన్సు వచ్చేదాకా ఆమె వంటింట్లో నిల్చున్నాను.
అదే మూల. అదే మరక. నాదానికంటే ముదురు.
"చెప్పలేదా వాళ్లకి?"
"ఎక్కువ వండుతావన్నారు. నిజమే, వండుతాను.
ఇంకా అడిగితే ఖాళీ చేయిస్తారేమో."
ఒక్క వారం అద్దె ఆపని మనిషి
అన్నం ఆవిరికి సంజాయిషీ చెప్పుకుంటోంది.

మర్నాడు ఫ్లాస్కులో టీ పోసుకుని మెట్లు దిగాను.
పదో అంతస్తు, తొమ్మిది, ఎనిమిది.
ఏడులో ఓస్వల్డ్. భార్య పోయాక వండడమే మానేశాడు,
టిన్ను విప్పి చల్లగానే తింటాడు.
అతని గోడా చెమరుస్తోంది.
నాలుగో అంతస్తు ఇల్లు రెండేళ్లుగా ఖాళీ.
అక్కడ వంట లేదు, ఉతుకు లేదు,
ఊపిరి తీసే ప్రాణి లేదు.
కాపలావాణ్ణి బతిమాలి తాళం తీయించాను.
పొయ్యికి ఎడమవైపు.

మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది.
ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు, తప్పు నీదేనని.
తప్పేమో పైనుంచి కిందికి
ఒకే గీతగా దిగుతోంది.

గోడకాగితాలు ఊడబెరికి
హౌసింగ్ ఆఫీసు నేల మీద వరసగా పరిచాం, పదకొండు ముక్కలు.
మరకకు మరక అతికింది.
"పదకొండో సెక్షన్" అంది షిలాన్.
లైబ్రరీలో వేలితో పదం పదం పట్టుకుని చదివొచ్చింది:
గోడ, గొట్టం, పైకప్పు బాగుచేయడం యజమాని పని.
దయతలచి చేసే మేలు కాదు.
ఆ గది మొత్తంలో ఆమె గొంతొక్కటే వణకలేదు.

తర్వాత నోటీసు, దాని తర్వాత మళ్లీ వాయిదా,
చివరికి కోర్టు పంపిన సర్వేయరు.
ఆవిడ చేతితొడుగు తీసి అరచెయ్యి గోడకానించింది.
మూడు చలికాలాల్లో మొదటి చెయ్యి.

పైకప్పు మీద వాన గొట్టం అతుకు.
రబ్బరు చుట్టు పెళుసై విరిగిందట.
రబ్బరు!
నలభై నిమిషాల పని, గడియారం చూస్తూ నిల్చున్నాను.
నిచ్చెన దిగినవాడు పాత ముక్క చూపిస్తే
అడిగి తీసుకుని జేబులో వేసుకున్నాను.

రేబిన్ దగ్గు పూర్తిగా పోలేదు.
మూలన గిన్నె నేనింకా తీయలేదు.

ఫోను మాత్రం రోజూ మోగుతోంది,
ఎన్ని నక్షత్రాలిస్తారని.
దానికో నంబరిచ్చాను.
వరసలో ఉండమన్నాను.